ఇటు చూడు అనకుండా పిల్లల ఫోటోలు

మాది పర్లాకిమిడి. ఒడిశా, గజపతి జిల్లా. బోర్డర్ దాటితే పాతపట్నం, అటు సగం చుట్టాలు, ఇటు బరంపురం వైపు సగం చుట్టాలు, మధ్యలో మేము. ఫోటో స్టూడియో నడుపుతాను. స్టూడియో అంటే ఏదో పెద్దగా ఊహించుకోవద్దు. ముందు జిరాక్స్ మిషను, పక్కన లామినేషను, తెర వెనక ఒక స్టూలు, రెండు లైట్లు, అంతే. స్కూల్ అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే రోజంతా పిల్లల పాస్‌పోర్ట్ సైజు ఫోటోలే. వాళ్ళమ్మ చంక దిగరు, దిగినా స్టూలు ఎక్కరు, ఎక్కినా ఏడుపు. మెడ నిలవని పసివాళ్ళనైతే బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టి, నేను కుర్చీ ఎక్కి పైనుంచి తీస్తాను. కాస్త పెద్దవాళ్ళకి తెలుగులో "ఇటు చూడమ్మా", ఒడియాలో "ఏయాడే దేఖ", రెండూ పని చేయకపోతే తాళాల గుత్తి.

ఇంట్లో మా పిల్లలతో మాత్రం ఆ మాట అనను. పెద్దది రెండో తరగతి, చిన్నోడు ఇంకా అంగన్‌వాడీ. "ఇటు చూడు" అనగానే పిల్లల మొహం ఎలా మారుతుందో మీకూ తెలుసు. పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళు చికిలించి, రెండు వేళ్ళు పైకెత్తి. అది ఫారానికి అంటించడానికి పనికొస్తుందేమో గానీ (నిజానికి ఫారానికి కూడా పనికిరాదు, నవ్వొద్దంటారు) పదేళ్ళ తరవాత చూసుకుంటే ఆ పిల్ల అప్పుడు ఎలా ఉండేదో అందులో ఏమీ ఉండదు. ఫోటోగ్రాఫర్‌వి కదా, నీ పిల్లల ఫోటోల్లో ఒక్కళ్ళూ కెమెరా వైపు చూడరేంటి అని మా బావ ప్రతి పండక్కీ అడుగుతాడు. ఆయనకి నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

నేను చేసేది ఇంతే. ముందు వాళ్ళ చేతికి పని ఇస్తాను. చేతిలో పని ఉన్న పిల్లలు కెమెరాని పట్టించుకోరు. అయితే అది ఉత్తుత్తి పని అయితే కుదరదు. రంగు పెన్సిళ్ళు చేతికిచ్చి "గీస్తున్నట్టు కూర్చో" అంటే నిమిషంలో పసిగట్టేస్తారు. తడి ఉండాలి, మరక ఉండాలి, ఏమవుతుందో ముందే తెలియకూడదు, నాతో సహా ఎవరికీ. నేనూ అందులో చెయ్యి పెట్టాలి. ఒక చేత్తో పని, రెండో చేత్తో ఫోటో. దీనివల్ల నాకు దొరకని ఫోటోలు చాలానే ఉన్నాయి, పోనీయండి.

పాతకాలంలో ఈ బాధ ఇంకా ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఫోటో పడాలంటే సెకన్ల తరబడి కదలకుండా ఉండాలి. పసిపిల్లలు ఉంటారా? అందుకని విదేశాల్లో స్టూడియోల వాళ్ళు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తల మీంచి దుప్పటి కప్పేసి, ఆమె ఒళ్ళో పిల్లని పెట్టి తీసేవారు. ఆ ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. పిల్ల వెనక పూలగుడ్డ కప్పిన కుర్చీ ఒకటి కనిపిస్తుంది, కాస్త పరకాయించి చూస్తే ఆ కుర్చీకి భుజాలుంటాయి. మా షాపులో కూడా ఒక్కోసారి స్టూలు వెనక తెల్ల గుడ్డలో అమ్మ దాక్కుని పిల్లాడి నడుం పట్టుకుంటుంది, తరవాత కంప్యూటర్లో నేను ఆ వేళ్ళు చెరుపుతాను. ఆ టెక్నిక్ ఏమీ పాతబడలేదు.

ఇప్పుడు ఫోన్‌లో సెకనులో వెయ్యో వంతులో ఫోటో పడుతుంది. కానీ ఎండలోనే. ఇంట్లో ట్యూబులైటు కింద మీ ఫోను మీకు చెప్పకుండానే సెకనులో ముప్పయ్యో వంతుకి దిగిపోతుంది, పిల్లాడి చెయ్యి ఆగదు, ఫోటో అలికినట్టు వస్తుంది, మీరేమో ఫోను పాతదైపోయిందని కొత్తది కొంటారు. కొత్త ఫోను అక్కర్లేదు. చాప తీసుకెళ్ళి వీధి గుమ్మం దగ్గర వేయండి. నేరుగా ఎండ పడే చోట కాదు, గుమ్మానికి కాస్త లోపల, వెలుగు పక్కనుంచి వచ్చేచోట. మొహంలో రెండో పక్క మరీ నల్లబడితే అటువైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. స్టూడియోల్లో మేమందరం వాడేది అదే, పాత టీవీ డబ్బాలోంచి కూడా దొరుకుతుంది. ఫ్లాష్ మాత్రం ఆపేయండి. లెన్సు ఒకసారి చొక్కాతో తుడవండి, పిల్లలున్న ఇంట్లో ఫోను లెన్సు మీద ఎప్పుడూ నూనె చేతుల మరక ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా కొన్ని అలికినట్టే వస్తాయి. వాటిని వెంటనే డిలీట్ చేయకండి. కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆవిడకి 48వ ఏట, 1863లో, కూతురూ అల్లుడూ కలిసి కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆవిడ చుట్టుపక్కల పిల్లలకి రెక్కలు కట్టి, దుప్పట్లు చుట్టి, దేవదూతల్లా నిలబెట్టి ఫోటోలు తీసింది. ఫోకస్ సరిగా లేదని అప్పటి ఫోటోగ్రాఫర్లు వెక్కిరించారు. ఇప్పుడా మసక ఫోటోల్ని మ్యూజియంలలో పెట్టుకుని చూస్తున్నారు. మా చిన్నోడు కప్పగెంతులు వేస్తుండగా తీసిన ఒక ఫోటోలో కాళ్ళు రెండూ లేవు, గాలిలో గోధుమరంగు గీత ఉంది. మా ఇంట్లో ఫ్రేము కట్టించిన కొద్దిపాటి ఫోటోల్లో అదొకటి.

సరే, పనుల సంగతికి వస్తాను.

మార్గశిరం వచ్చిందంటే మా వీధిలో రెండు రకాల బొమ్మలు. మా అమ్మ ధనుర్మాసం ముగ్గు పొడిపిండితో, చుక్కలు పెట్టి. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) గురువారం గురువారం లక్ష్మీపూజకి ఝోటి, తడి బియ్యప్పిండితో, గడప దగ్గర, గోడ మీద వరి కంకులు, నేల మీద లక్ష్మీదేవి పాదాలు. మా పిల్లలకి ఇది మనది, అది వాళ్ళది అనే గొడవ లేదు. పొద్దున్నే ఇక్కడ పిండి చల్లేసి, అటువెళ్ళి అక్కడ పిండిలో చేతులు ముంచేస్తారు. పాదాలు వేయడం మావుసే నేర్పింది. పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు అంచుని పిండిలో ముంచి నేలకి అద్దితే పాదం, పైన వేలి కొసతో చుక్కలు పెడితే వేళ్ళు. ఒకటి ఎడమ పిడికిలితో, ఒకటి కుడి పిడికిలితో, గుమ్మంలోంచి లోపలికి. మా చిన్నోడు వేళ్ళు పెడుతూ పెడుతూ ఆగడు. "ఒరే, అయిదే పెట్టాల్రా" అంటే "ఎక్కువుంటే ఏటవుతాది, తొందరగా నడుస్తాది కదా" అన్నాడు. మావుసి నవ్వి అలాగే ఒగ్గేసింది.

ఇక్కడ ఫోటోకి సంబంధించి ఒక రహస్యం ఉంది. తడి ఝోటి వేసిన వెంటనే సరిగా కనిపించదు, నీళ్ళు చల్లినట్టు ఉంటుంది. ఆరే కొద్దీ తెల్లబడుతుంది. అందుకని వేసేటప్పుడు బొమ్మని కాదు, చేతుల్ని తీయాలి. మణికట్టు దాకా కారిన పిండి, నాలుక బయటపెట్టి పెట్టే చుక్క. బొమ్మని తరవాత తీయొచ్చు. పొడి ముగ్గుకి ఇది తిరగబడుతుంది. సూర్యుడు అప్పుడే లేచి ఏటవాలుగా పడుతున్నప్పుడు పిండి గీతకి పక్కన సన్నని నీడ పడుతుంది, గీత ఉబ్బెత్తుగా లేచినట్టు కనిపిస్తుంది. ఎండ నెత్తి మీదకొస్తే అదంతా పోతుంది, ఒట్టి తెల్ల గీత మిగులుతుంది. ఆ కాస్త సేపట్లో ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని, లెన్సు నేలకి దగ్గరగా ఉండేలా పెట్టి తీయండి. పిల్ల కళ్ళెత్తున కాదు, పిల్ల చేతి ఎత్తున. మోకాళ్ళకి పిండి అంటుకుంటుంది, తప్పదు.

ఇప్పుడు పసుపు. ఇదంటే నాకు ప్రాణం, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

పసుపుతో కాగితం మీద ఫోటో వేయొచ్చు. కెమెరా అక్కర్లేదు, ఎండ చాలు. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్, ఇంజక్షన్‌కి ముందు దూదితో రాస్తారే అది, చిన్న గ్లాసులో సగం పోసి, ఒక చెంచా పసుపు కలిపి కాసేపు ఉంచండి. మడ్డి అడుగుకి దిగుతుంది. పైన తేరిన దాన్ని పాత పంచె గుడ్డలో వడకట్టండి. స్పిరిట్ పోసే పని, వడకట్టే పని పెద్దవాళ్ళది, వంటింటికి దూరంగా, కిటికీలు తీసి. అది ఇట్టే అంటుకుంటుంది. తరవాత మందపాటి డ్రాయింగు షీటు మీద వెడల్పు బ్రష్షుతో పూయాలి. పూసే పని పిల్లలది. అడ్డంగా ఒకసారి, ఆరాక నిలువుగా ఒకసారి. ఇదంతా మసక వెలుతురులో చేసి, కాగితాన్ని మంచం కింద ఆరబెట్టాలి, ఎండ తగలకూడదు. చాప, వేళ్ళు, మోచేతులు, చిన్నోడి బొడ్డు, అన్నీ పసుపే. ఆ ఫోటోలు నేను మసక వెలుతురులోనే తీస్తాను, ఎలా వస్తే అలా.

మేము వాడేది కంధమాల్ పసుపు, పక్క జిల్లా నుంచి వచ్చేది. దానికి 2019లో జి.ఐ. గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే ముద్ర, కూడా వచ్చింది. అదే కావాలని ఏమీ లేదు. కొమ్ములు ఆడించిన పసుపయితే చాలు. రంగు కలిపిన పొడి మీద మాత్రం నాకు నమ్మకం లేదు.

ఆరిన కాగితం మీద ఆకు పెట్టి, పైన గాజు పలక పెట్టి, క్లిప్పులు బిగించి డాబా మీద ఎండలో పెట్టాలి. నా దగ్గర పాత ఫోటో ఫ్రేములకి లోటు లేదు, వాటి అద్దాలే వాడతాను. ఆకులు ఏరే పని పిల్లలకి అసలు పండగ. ములగ రెమ్మ బాగా వస్తుంది. కరివేపాకు పర్వాలేదు. బొప్పాయి ఆకు పెద్దదైనా అంచులు చాలా బాగుంటాయి. మందార పువ్వు బాగోదు, కాగితానికి ఆనదు, వెలుగు కిందకి దూరిపోతుంది. ఇవన్నీ మా పెద్దది కనిపెట్టి గోడ మీద పెన్సిలుతో రాసిపెట్టింది, ఏ ఆకు పాసు, ఏ ఆకు ఫెయిలు.

వేసవి ఎండలో రెండు మూడు గంటల్లో తేడా తెలిసిపోతుంది. ఆకు కింద పసుపు అలాగే ఉంటుంది, బయట అంతా వెలిసి పాలమీగడ రంగుకి వస్తుంది. పసుపు అంటిన బట్టలు ఎండకి ఎందుకు వెలిసిపోతాయో అదే ఇక్కడా జరిగేది, పసుపులోని కర్కుమిన్‌కి ఎండ పడదు. ఆకు తీసేసి, ఒక గ్లాసు నీళ్ళలో వంటసోడా కలిపి స్ప్రే సీసాతో పైన కొడితే, వెలవకుండా మిగిలిన పసుపు కళ్ళముందే ఎర్రబడుతుంది. ములగ రెమ్మ ఒక్కొక్క ఆకూ ఎర్రగా తేలుతుంది. మొదటిసారి చూసినప్పుడు పెద్దది "అమ్మా! అమ్మా!" అని అరుచుకుంటూ కిందకి పరిగెత్తింది. మా అమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుని "పారాణి కలపడమే కదేటిది, దీనికింత హడావిడి ఏటి" అంది. నిజమే, పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడే ఆ గుణమే వంటసోడాతో కూడా పని చేస్తోంది. సున్నం వాడితే ఇంకా ఎర్రగా వస్తుంది గానీ పిల్లల చేతికి సున్నం ఇవ్వను, కంట్లో పడితే ప్రమాదం.

ఆకుల రసం, పువ్వుల రసం కాగితానికి పూసి ఎండలో బొమ్మ తేవడం కొత్తదేమీ కాదు. జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1842లోనే దీని మీద రాశాడు. అదే ఏడాది ఆయనే ఇనుము లవణాలతో నీలం రంగు ప్రింటు పద్ధతి కూడా కనిపెట్టాడు. దాన్ని సైనోటైప్ అంటారు, ఇంజనీర్ల బ్లూప్రింట్లు దాన్నుంచి వచ్చినవే. మరుసటి ఏడాది అన్నా ఆట్‌కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల్ని ఆ నీలం కాగితాల మీద పెట్టి ఎండలో ప్రింట్లు వేయడం మొదలుపెట్టి, వాటినే పుస్తకంగా తెచ్చింది. సైనోటైప్ అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రసాయనాల్ని చిన్నపిల్లల చేతికి ఇవ్వడం నాకిష్టం లేదు. వేలు నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళకి పసుపే మేలు.

జిరాక్స్ మిషను ఉన్నవాడిగా నాకింకో సౌకర్యం ఉంది. పిల్లల ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, కాంట్రాస్టు బాగా పెంచి, ఓ.హెచ్.పి. షీటు మీద జిరాక్స్ తీస్తాను. ఆ ప్లాస్టిక్ షీటుని ఆకు బదులు పసుపు కాగితం మీద పెడితే, నల్లగా ఉన్నచోట పసుపు మిగులుతుంది, మిగతాది వెలుస్తుంది. అంటే ఫోటో యథాతథంగా పసుపులో వస్తుంది, నెగెటివ్ చేయనక్కర్లేదు. ఏ ఫోటో వేయాలో వాళ్ళే ఎంచుకుంటారు. నేను చక్కటి వెలుతురులో తీసిన నా దృష్టిలో గొప్ప ఫోటోలు నాలుగు ముందు పెడితే, పెద్దది వాటిని పక్కకి నెట్టి, ఊడిన పన్ను సందులోంచి నాలుక బయటపెట్టిన ఫోటో తీసుకుంది. ఎర్రటి నాలుకతో భలేగా వచ్చింది. నాకంటే దానికే బాగా తెలుసు అనిపించింది.

ఒక చిక్కు ఉంది. ఈ పసుపు ఫోటో నిలవదు. కడిగి ఆపడానికి దీనికి పద్ధతి లేదు. గోడకి తగిలిస్తే మిగిలిన పసుపు కూడా ఎండకి వెలిసిపోతుంది. అందుకని పాత క్యాష్‌బుక్కు పేజీల మధ్య పెడతాం, అప్పుడప్పుడు తీసి చూసి మళ్ళీ మూసేస్తాం. చుట్టాలొస్తే చిన్నోడు "తొందరగా చూడండి, ఎక్కువసేపు చూస్తే అయిపోతాది" అని వాళ్ళని కంగారుపెడతాడు. ముందుజాగ్రత్తగా అన్నీ స్కాన్ చేసి ఉంచాను.

ఇంకొకటి చీకటి గది. దీనికి పైసా ఖర్చు లేదు. ఎండ బాగా కాసే మధ్యాహ్నం, వీధివైపు గది కిటికీలకి అట్టలు అడ్డంపెట్టి, సందులన్నీ పాత చీరలతో మూసి, ఒక అట్టకి వేలు పట్టేంత కన్నం పెట్టండి. ఒక్కటే. చీకటికి కళ్ళు అలవాటు పడడానికి అయిదారు నిమిషాలు ఆగండి, ఆ అయిదారు నిమిషాలు పిల్లల్ని ఆపడమే అసలు కష్టం. తరవాత ఎదురుగా ఉన్న సున్నం గోడ మీద మీ వీధి కనిపిస్తుంది. రంగుల్లో. తలకిందులుగా. ఆకాశం కింద, రోడ్డు పైన, రోడ్డుకి వేలాడుతూ ఒక ఆటో, ఎడమ నుంచి కుడికి పోవాల్సింది కుడి నుంచి ఎడమకి. పైనుంచి వచ్చే వెలుగు కన్నంలోంచి తిన్నగా కిందకి, కిందనుంచి వచ్చేది పైకి పోతుంది, కిటుకు అంతే. కన్నం చిన్నది చేస్తే బొమ్మ పదునుగా వస్తుంది గానీ వెలుగు తగ్గుతుంది, పెద్దది చేస్తే వెలుగు ఎక్కువ, బొమ్మ అలుక్కుపోతుంది.

మా చిన్నోడు కాసేపు చూసి, మంచం మీద వెల్లకిలా పడుకుని తల కిందకి వేలాడేశాడు. "ఇప్పుడు సరిగ్గా ఉంది నాన్నా." కాసేపటికి వాడిని బయటకి పంపి ఎదురింటి గోడ దగ్గర ఎండలో గెంతమన్నాం. "నాన్నా, తమ్ముడు గోడ మీద తలకిందులుగా ఎగురుతున్నాడు, చొక్కా ఎర్రగా కనిపిస్తోంది కూడా!" అని పెద్దది ఆ గోడ మీద వాడిని పట్టుకోబోయింది. దాని వేళ్ళ మీద వాడు గెంతుతున్నాడు. ఫోన్‌ని పుస్తకాల మీద ఆనించి, నైట్ మోడ్‌లో ఆ ఫోటో తీశాను. చిన్నోడు కదిలిపోయి ఎర్ర మరకలా పడ్డాడు, పెద్దదాని చెయ్యి మాత్రం నిలిచింది. తరవాత వీళ్ళిద్దరూ మారారు. తరవాత వాళ్ళమ్మ వెళ్ళి ఎండలో నిలబడింది. తరవాత వీధి పిల్లలందరూ. ఆ పూట షాపు తీయలేదు.

పిల్లల చేతికి కెమెరా కూడా ఇవ్వండి. సిమ్ తీసేసిన పాత ఫోను చాలు. మా పిల్లలు తీసినవాటిలో మోకాళ్ళు ఎక్కువ, ఫ్యాను, మా అమ్మ కొప్పు, గ్యాస్ సిలిండరు, మంచం కింద పిల్లి. మనం మన ఇంట్లో ఎప్పుడూ చూడని ఎత్తు నుంచి ఇల్లంతా కనిపిస్తుంది. నా ఫోటో ఒకటుంది, కింద నుంచి పైకి, ముక్కు రంధ్రాలు రెండూ, పైన ఎక్కడో కళ్ళు. రోజూ వాళ్ళకి నేను అలా కనిపిస్తున్నానన్నమాట. వాళ్ళు తీసినవాటిని కూడా నాలుగు బై ఆరు సైజులో ప్రింట్లు వేస్తాను. ఫోన్‌లో ఉన్న ఫోటోని పిల్లలు వేలితో తోసేస్తారు. కాగితం మీద ఉంటే దాని మీద ఏదో ఒకటి గీస్తారు.

గీయడంలో మాకు సవర గోడబొమ్మల నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. మా జిల్లాలోనూ రాయగడ జిల్లాలోనూ కొండల మీద సవర గిరిజనుల ఊళ్ళు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉన్నప్పుడే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు, ఆ సంగతి చాలామందికి తెలిసిందే. సవరల ఇళ్ళలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, చీల్చిన వెదురుపుల్లతో వేసే బొమ్మల్ని ఇదితాల్ అంటారు. గిరిజనుల జీవితం మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ గారు 1951లో వచ్చిన తన పుస్తకంలో వాటి గురించి చాలా రాశారు. మహారాష్ట్ర వార్లీ బొమ్మలూ ఇవీ ఒకటే అనుకుంటారు గానీ కాదు. సవర బొమ్మలో ముందు చుట్టూ అంచు కడతారు, అక్కడినుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. వార్లీలో ఈ పద్ధతి లేదు.

ఒకటి చెప్పాలి. ఇదితాల్ వాళ్ళకి అలంకారం కాదు. పెద్దల కోసం, దేవతల కోసం, పూజతో వేసేది. దాన్ని టీ కప్పుల మీదా హోటల్ గోడల మీదా చూసి "పుల్లల బొమ్మలు, ఈజీ" అనడం నాకు నచ్చదు. మా పిల్లలకి ఆ కథంతా చెప్పి, అంచు ముందు కట్టే పద్ధతి ఒక్కటీ తీసుకున్నాం. ప్రింటు వేసిన ఫోటో చుట్టూ తెల్ల పోస్టర్ కలర్‌తో అంచు, అంచు లోపల వాళ్ళ సొంత సంగతులు. మా అమ్మ కొప్పు ఫోటో చుట్టూ చిన్నోడు జిరాక్స్ మిషన్లు వేశాడు. పెద్దది గుణుపురం రైలు వేసింది, పెట్టెలు అంచు వెంట తిరుగుతూ వచ్చి ఇంజను తన తోకనే గుద్దబోతోంది. దాన్ని చూసి మా నాన్న చిన్నగేజ్ బండి కబుర్లు మొదలుపెట్టారు. 1900లో రాజావారి కాలంలో మా ఊరికి వచ్చిన లైను అది, 2004లో ఆపేసి పెద్దగేజ్ చేశారు, తరవాత మళ్ళీ బళ్ళు మొదలయ్యాయి. ఆయన చెబుతుంటే పెద్దది రైలు పక్కన మా నాన్నని కూడా వేసింది, రైలు కంటే పెద్దగా. చెబుతున్న ఆయన మొహం, గీస్తున్న దాని తల, రెండూ ఒకే ఫ్రేములో దొరికాయి నాకు. ఇటు చూడండి అని ఉంటే దొరికేదా, మా బావే చెప్పాలి.

ఇక ఈ ఫోటోలు ఎక్కడ పెట్టాలన్నది. ఫ్యామిలీ గ్రూపులో అడుగుతూనే ఉంటారు. పెద్దదాన్ని అడిగి, అది సరే అంటేనే పంపుతాను. వద్దంటే కారణం అడగను. స్నానం ఫోటోలు, ఏడుపు ఫోటోలు అసలు పంపను, అవి ఇంట్లో ఆల్బమ్‌కే. యూనిఫాం మీద స్కూలు పేరు ఉంటే కత్తిరిస్తాను. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫోటోతోపాటు మీ ఇల్లు ఎక్కడో కూడా అందులో రాసి ఉంటుంది. ఫ్రాన్సులో 2024లో తల్లిదండ్రులే పిల్లల ఫోటోల హక్కుని కాపాడాలని చట్టం తెచ్చారు. మన దేశంలో 2023 నాటి డేటా చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ విషయంలో కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. తల్లిదండ్రులు పిల్లల అనుమతి తీసుకోవాలని మాత్రం అందులో లేదు. మా ఇంట్లో ఉంది. షాపు అద్దంలో ఎవరి పిల్లల ఫోటో పెట్టాలన్నా వాళ్ళ ఇంట్లో అడిగే పెడతాను, ఆ పిల్ల మాటలొచ్చినదైతే దాన్ని కూడా.

ఇప్పుడు వానలు పట్టుకున్నాయి, పసుపు కాగితాలు డాబా మీద పెడితే సాయంత్రానికి కూడా వెలవట్లేదు. పెద్దది బీట్‌రూట్ రసంతో చేద్దామంటోంది. వస్తుంది గానీ పసుపంత త్వరగా రాదు, రోజులు పడుతుంది, ఈ మబ్బుల్లో అయితే చెప్పనక్కర్లేదు. మా అమ్మేమో గోరింటాకుతో చేయమంటోంది. గోరింటాకుతో ఎవరైనా చేసి చూసి ఉంటే, స్పిరిట్‌లో కలిపారా నీళ్ళలోనా, ఎండలో ఎంతసేపు పెట్టారు, నాకు చెప్పండి. ఆవిడకి జవాబు చెప్పాలి.